అడుగులేని గంప

నాలుగు ఊపిర్లు ఊదినా బంతి లోపలి రబ్బరు బ్లాడరు నిండలేదు. జక్కయ్య మేష్టారి బుగ్గలు మాత్రం నిండాయి. అయిదో ఊపిరికి మూతి బిగించి, తోలు బంతిలోకి నెట్టి, తాడు అల్లి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూశాడు. గాలి నిలిచింది. యాభయ్యో పడిలో పడ్డ మనిషిలో అంత గాలి మిగిలుండడం ఆయనకే వింత. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. కాళ్ళకు కాన్వాసు జోడు, మెడలో ఈల, నెత్తిన నాలుగు వెంట్రుకలు. జట్టును నిలబెట్టేసరికి జుట్టు నిలవలేదు.

మద్రాసులో దొరల దగ్గర డ్రిల్లు నేర్చి, బారువ దాపున ఈ మిషను బడికి వచ్చి తొమ్మిదేళ్ళు. బంతిని గంపలో వేసే ఈ బాస్కెట్టుబాలు ఆట అంతకుముందు ఇక్కడెవరూ చూసెరగరు. ఇనపచట్రం తెప్పించేవాడు లేక, చేపలమ్మే బొడ్డమ్మ దగ్గర గంప అడిగి తెచ్చి, అడుగు కోసేసి తాటిదూలానికి కట్టాడు.

"అడుగు కోసీసినావు, ఇంకేటి నిలుత్తాదయ్యా అందులోన?" అని బొడ్డమ్మ పడీపడీ నవ్వింది.

"నిలవకపోడమే ఆటమ్మా," అన్నాడు జక్కయ్య. అడుగులేని ఆ గంప మీద గంపెడాశ పెట్టుకున్నవాడు ఊరంతటికీ ఆయనొక్కడే.

ఈ మధ్యాహ్నం టెక్కలి జట్టుతో పందెం. హెడ్మాష్టరు దాచకుండానే చెప్పాడు. గెలిస్తే ఆట ఉంటుంది, ఓడితే ఆ జాగా బోర్డింగు పిల్లల కూరలకు వంగతోట, డ్రిల్లు ఉద్యోగం రద్దు.

"తొమ్మిదేళ్ళలో ఒక్క గెలుపు లేదు జక్కయ్యగారూ. వంకాయ గెలవక్కర్లేదు, కాస్తే చాలు."

రంగూను బియ్యం మిల్లులో తనకు పని చూసి ఉంచానని బావ ఉత్తరం రాశాడు. ఓడ రేపు పొద్దున్నే బారువ రేవు విడుస్తుంది. ఓడినవాడికి ఓడే దిక్కు అనుకుని జక్కయ్య నవ్వబోయాడు. రంగూను మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ముగ్గుబుట్ట తీసుకుని గీతలు వేయడానికి వెళ్ళాడు.

పిల్లలకు ఆట నేర్పడానికి ఆయన వాళ్ళను ముందు సముద్రపు ఒడ్డుకే తీసుకెళ్ళాడు, పెద్దవల లాగడానికి. ఈ తీరంలో వలతాడు మీద చెయ్యి వేసినవాడెవడైనా సరే, దారిన పోయేవాడైనా, చేపల్లో వాడికి వాటా ఇవ్వాల్సిందే. "బంతీ అంతేరా. మనలోన సెయ్యి పడనోడు ఒక్కడున్నా ఆ ఆట మనది కాదు. బంతి బోజనంలో ఒకడి ఆకు కాళీగా ఉంటే మిగతావోళ్ళకి ముద్ద దిగుతాదేటి?" అనేవాడు. పిల్లలు నవ్వేవారు. మాట మాత్రం లోపల దిగింది. ఎంత దిగిందో ఆయనకు తెలియదు.

ఆట ముగింపుకొచ్చేసరికి టెక్కలి పదమూడు, మనవాళ్ళు పన్నెండు. ఒక్కసారి గంపలో పడితే రెండు పాయింట్లు, గెలుపే. ఈల నోట్లో పెట్టుకున్న టెక్కలి మేష్టారు గడియారం చూస్తున్నాడు. బంతి సూర్యం చేతికొచ్చింది. పడవలవాళ్ళ పిల్లాడు, అందరికంటే తలెత్తు పొడుగు. నేరుగా గంప కిందే ఉన్నాడు, ఎదురు ఎవరూ లేరు. జక్కయ్య ఊపిరి బిగబట్టాడు.

సూర్యం ఆగాడు. పక్కకు చూశాడు. మూలన దాలయ్య, కొబ్బరితోటల రైతు కొడుకు, పొట్టివాడు, ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. ఆటంతా అయినా బంతి వాడి దగ్గరకు రాలేదు.

"దాలయ్యా, నీ సెయ్యి పడనేదురా!" అని సూర్యం బంతి విసిరేశాడు.

దాలయ్య దాన్ని కాలే కుండలా పట్టుకుని, కళ్ళు మూసుకుని గంప మీదికి వేశాడు. అంచుకు తగిలి ఇసకలో పడింది. ఈల మోగింది.

సూర్యం తల దించుకుని వచ్చాడు. "నానే యేసీవోణ్ణి మేష్టారూ. ఆడు ఒక్కసారీ ముట్టనేదు. అందికనీ..."

జక్కయ్య నోరు తెరిచాడు. తిట్టడానికి ఒక్క మాట చాలు. తొమ్మిదేళ్ళుగా తాను నేర్పిందే ఎదురుగా నిలబడి ఉంది, తలెత్తు పొడుగున. తను నేర్పింది ఆటా, అందంగా ఓడడమా? గెలవాలనే కదా ఆయనకీ ఉన్నది. ఈ ఒక్కసారి, ఈ ఒక్క వెధవ ఆట.

నోరు మూసి మళ్ళీ తెరిచాడు.

"నాను సెప్పింది ఇన్నావురా. బాగా ఆడినావు."

దాలయ్య ముక్కు చీదుకుంటున్నాడు. "నా మూలాన్నే కదేటి మేష్టారూ."

"నీ సెయ్యి పడింది. ఓటమిలో నీకూ వాటా ఉంది. దాసుకో, ఉడుకుతో తినకు," అన్నాడు జక్కయ్య. దాలయ్య ఏడుస్తూనే నవ్వాడు. మేష్టారు నవ్వలేదు.

హెడ్మాష్టరు నాగలికి కబురు పంపాడు, అంతే.

దీపాలు పెట్టకముందే, పిల్లలు నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా, జక్కయ్య రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని రేవు దారి పట్టాడు. ఏ ఊరికని అడిగినవాళ్ళు లేరు. ఉత్త కాళ్ళతో ఇసకలో నడుస్తుంటే ఎడమ భుజం ఇంకాస్త దిగింది.

మర్నాడు దున్నడానికి వచ్చినవాడు ఎద్దుల్ని ఒకచోట ఆపి, నాగలిని కొంచెం పక్కకు తిప్పి పోనిచ్చాడు. అక్కడ నడిమిగీత మీద పక్కపక్కన కాన్వాసు జోడు, మడమల దగ్గర అరిగి, లోపల రాత్రి మంచుకు తడిసిన పిడికెడు ఇసకతో.