బండలో నెర్రె

గుట్ట ఎక్కిన రోజు నేను మొదట అడిగిన మాట, "నల్లా ఏది?"

పక్కింటి లింగమ్మ నవ్వింది. "నల్లా లేదు, మోరీ లేదు. కరెంటు స్తంభాలు గుట్ట కిందనే ఆగినయి. చెలిమె ఉన్నది బిడ్డా, సాలదా?"

చాలదని నా మొహమే చెప్పి ఉంటుంది. అది 1978 మార్చి నెల. మా ఆయన సారంగపాణికి ములుగు అవతల ఈ గుట్ట మీది బడికి బదిలీ అయింది. నేనేమో కాశిబుగ్గలో నూలు రంగుల తొట్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని, నీళ్లు బకెట్లతో గుమ్మరించడమే తెలుసు. ఇక్కడ బండల సందున ఊరే చెలిమెలోంచి ఎండు సొరకాయ బుర్రతో తోడాలి, మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. బిందె నిండేసరికి ఏడుపొచ్చేది.

లింగమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "వాడిన నీళ్లు ఇంటెనుక బండ మీద పొయ్యకు. పాదులకు పొయ్యి."

ఎందుకని నేను అడగలేదు. అత్తగారిల్లు వదిలొచ్చినా అజమాయిషీ తప్పలేదని ఒళ్లు మండింది, అంతే.

నెల తిరిగేసరికి రంగు వేసిమ్మని అన్నయ్య బస్సులో చిలపలు, అంటే నూలు కట్టలు పంపాడు. చేతిలో పని లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. తాగడానికి రెండు బిందెలు ముందే నింపి మూతలు పెట్టుకుని, ఎర్ర రంగు కలిపి నూలుకు వేశాను. మిగిలిన రంగునీళ్లు, రంగు పట్టడానికి వాడే సోడా కలిపిన నీళ్లు ఇంటి వెనుక బండ నెర్రెలో గుమ్మరించాను. చుక్క మిగల్చకుండా గుటగుటా తాగేసింది. అదే కాశిబుగ్గ మోరీ అయితే వారం రోజులు కంపు కొట్టేది. ఇంత మంచి ఏర్పాటుండగా వద్దంటుందేమిటీ లింగమ్మ అని నవ్వుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున చెలిమె ఎర్రబడింది.

"నెత్తురు ఊరుతాందే!" అని ఆడవాళ్లు కేకలు పెట్టారు. నేను ఖాళీ బిందెతో వెనక్కి వచ్చేశాను. ఆ నెర్రె ఎక్కడికి పోతుందో అప్పుడు తెలిసింది. చెప్పెయ్యాలి. కానీ పంతులు పెళ్లాం ఊరి నీళ్లు పాడు చేసిందంటే ఉండనిస్తారా? మా ఆయన తలెత్తుకు తిరగగలడా? రెండ్రోజుల్లో అదే తేటపడుతుందిలే అనుకున్నాను. చేతి వేళ్లు ఒలిచే సోడా అది. ఆ సంగతి తెలిసీ అనుకున్నాను.

పొద్దెక్కేసరికి ఊరికి తప్పు చేసిన మనిషి దొరికింది. లింగమ్మ బిడ్డ మొగిలమ్మ, పురిటికి తల్లిగారింటికి వచ్చిన పచ్చి బాలింత. ఇరవయ్యొకటో నాడు గంగపూజ చేసేదాకా బాలింత చెలిమె ముట్టకూడదు. తొమ్మిదో నాడే, అంటే ముందురోజే, తల్లి కూలికి పోయిన వేళ, దాహానికి ఆగలేక తానే పోయి బుర్ర ముంచిందట. చూసినవాళ్లున్నారు.

"ముట్టిన చెయ్యి గుట్ట దిగితెనే నీళ్లు తేటపడ్తయి. అత్తగారింటికి తోలుండ్రి," అన్నాడు ఊరి పెద్దమనిషి ఉప్పలయ్య.

గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. మొగిలమ్మ పసిగుడ్డును కొంగులో చుట్టుకుని మిట్టమధ్యాహ్నం దారి పట్టింది. తల్లిని వెంట పోనివ్వలేదు. దూరాన ఉన్న వాగుకు పోయినవాళ్లు ఇంకా నీళ్లతో రాలేదు, చెంబెడు ఇచ్చి పంపడానికి ఏ ఇంట్లోనూ లేవన్నారు.

లింగమ్మ అరుగు మీద కూలబడి ఏడుస్తోంది. ఆ ఏడుపు వినలేకపోయాను. ఎదురుగా వెళ్లి నా చేతులు చాపాను. మోచేతుల దాకా ఎరుపు.

"అవ్వా, అది నెత్తురు కాదు, నా రంగు. నువ్వు వద్దన్న బండ మీదనే పోసిన."

ఆమె కొట్టలేదు. "నా బిడ్డను తోలేదాంక నోట్లె ఏం పెట్టుకున్నవే?" అంది.

ఉప్పలయ్యకు వినబడేట్టు అదే మాట మళ్లీ అరిచి చెప్పి, దారి వెంట పరుగెత్తాను.

గుట్ట సగం దిగాక, ఇప్పచెట్టు నీడలో కూర్చుని ఉంది మొగిలమ్మ. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. బిడ్డ పాలు రాక ఏడుస్తున్నాడు. ఆయాసపడుతూనే అంతా చెప్పాను, రంగు సంగతీ, నెర్రె సంగతీ, నేను భయపడి నోరు మూసుకున్న సంగతీ.

"తప్పు నీది కాదు చెల్లే, నాది. ఇంటికి పోదాం పా."

ఆమెకు కోపం కూడా రాలేదు. నా చేతుల వైపు చూసింది.

"అక్కా, జర నీళ్లు తెచ్చినవా?"

ఊరు మొత్తం మీద తేటనీళ్లు నా ఇంట్లోనే ఉన్నాయి, రెండు బిందెల నిండా. నేను వట్టి చేతులతో వచ్చాను.