పద్నాలుగో మంచం కార్డు

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: నేను రాసిన ఒక్క వరుస ఎవరి బిడ్డ ప్రాణం మీదికైనా తెస్తుందేమోనని.

పదో తరగతి మధ్యలో మానేసిన నన్ను ఆసుపత్రి రికార్డు గదిలో పనికి పెట్టింది అక్కడి కంప్యూటర్లు చూసే మాస్టారు. కంప్యూటరు పని నేర్పింది కూడా ఆయనే. పిల్లల వార్డు వివరాలన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. అందులోంచి ఒక్కొక్కరికి ఒక్కో కార్డు అచ్చయ్యేలా స్టైల్‌షీట్, అంటే కంప్యూటరుకు చెప్పే సూచనల వరుసలు, రాశాను. పేరు, మంచం నంబరు, కింద ఎర్ర అక్షరాల్లో ఒంటికి పడని మందు. ఒక్క బాబు వివరాలతో పరీక్షించాను. చక్కగా వచ్చింది. మురిసిపోయాను.

గది నేల అడుగున. కిటికీ లేదు. ఉద్యోగి గుర్తింపు కార్డు గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. నాలాంటి తాత్కాలికం వాళ్ళ కార్డు సాయంత్రం ఆరు దాటితే పనిచేయదు. ఆ రోజు మంచాల కార్డుల నకళ్ళు సర్దుతూ టైము చూసుకోలేదు. అప్పుడే కంటపడింది. ఇరవై రెండు కార్డుల మీదా ఒకే మందు, పెన్సిలిన్. అసలు కార్డులు మధ్యాహ్నమే మంచాలకు తగిలించేశారు.

పరుగున వెళ్ళి తలుపు దగ్గర నా కార్డు గీశాను. ఎర్ర దీపం. మళ్ళీ గీశాను. ఎర్ర దీపమే. పైన క్రెష్‌లో నా కూతురు నాకోసం చూస్తూ ఉంటుంది. మాస్టారికి ఫోన్ చేశాను.

"ఏం తల్లీ, అక్కడే కాపురం పెట్టేశావా?"

"మాస్టారూ, అందరి కార్డుల మీదా మొదటి బాబుదే వచ్చింది. బ్రాకెట్టులో షరతు సరిగ్గానే పెట్టాను, పడదని ఉన్న మందే తీసుకోమని."

"జల్లెడ బాగానే ఉంది. అందులో ఏం పోశావన్నది చూడాలి. మందు అన్న మాట ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టావా?"

"పెట్టాను."

"అదీ సంగతి. నువ్వు ఏ పిల్ల దగ్గర నిలబడి అడిగినా, ఆ గీతలు ఫైలు మొదటికి పోయి వార్డంతా వెతుకుతాయి. దొరికినవాటిలో మొదటిదే కార్డెక్కుతుంది. గీతలు తీసెయ్, ఆ పిల్ల దగ్గరే చూస్తుంది."

"మరి పరీక్షిస్తే సరిగ్గా వచ్చింది కదండీ?"

"ఒక్కడే ఉన్న ఇంట్లో ఎవర్ని పిలిచినా వాడేగా పలికేది! సరే, వాచ్‌మన్‌ని పంపుతా, ఏడవకు."

గీతలు తీసేశాను. ఎవరి మందు వాళ్ళకొచ్చింది. వార్డుకు ఫోన్ చేశాను.

"సిస్టర్, ఆ కార్డులన్నీ తీసేయండి. తప్పు నాదే."

"తీసేస్తాలే అమ్మాయ్, కంగారుపడకు. కానీ ఇక్కడున్నవి ఇరవై ఒకటే. పద్నాలుగో మంచం పాపని సాయంత్రం ఇంటికి పంపేశాం, కార్డు సంచిలో పెట్టి."

"వాళ్ళ నంబరు?"

"ఉండు, నా సెల్‌లోంచి చేస్తా... స్విచాఫ్. ఇల్లు కూడా మారుతున్నామన్నారు."

వాచ్‌మన్ వచ్చి తలుపు తీసేసరికి ఏడైంది. నా కూతురు చెప్పులేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, క్రెష్ గుమ్మంలో కూర్చుని ఉంది.

నాలుగు రోజులైంది. పాత ఇంటికి తాళం. నంబరు కలవడం లేదు. నా కూతురికి దగ్గు మందు పోయాలన్నా సీసా మీద మూడుసార్లు చదువుతున్నాను.

ఆ పాపకి రెండేళ్ళు. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉంటుంది. మీ పక్క వాటాలో కొత్తగా దిగినవాళ్ళకి అలాంటి పాప ఉంటే తలుపు కొట్టండి. పద్నాలుగో నంబరు కార్డు ఉందేమో అడగండి. దాన్ని నమ్మొద్దని చెప్పండి. ఆ పాపకి పడనిది పెన్సిలిన్ కాదు, సల్ఫా మందు. పాప ఎలా ఉందో ఒక్కసారి కళ్ళారా చూసి రండి.