అల్లుడి స్విచ్‌లు, అత్త కేబుళ్ళు

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి మా ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. డేటా సెంటర్లలో కేబుళ్ళు వేయించే సూపర్‌వైజర్‌ని నేను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. లేబుల్ ఒక అంగుళం పక్కకు జరిగినా ఊరుకోను. అలాంటిది, ఇంట్లో మా అల్లుడు ఎదురుపడ్డాడంటే చాలు, నా నోటికి తాళం పడుతుంది.

"రండి బాబూ, కూర్చోండి" అంటాను.

"ముందు మీరు కూర్చోండి అత్తయ్యా" అంటాడు.

ఇద్దరం నిలబడే ఉంటాం. మా అమ్మాయి మా మధ్యలోంచి వచ్చి ఆ కుర్చీలో తను కూర్చుంటుంది. పెళ్ళయి రెండేళ్ళయినా మా మర్యాదలకు అంతు లేకుండా పోయింది. "మీరిద్దరూ ఉంటే ఇల్లు ఇల్లులా లేదమ్మా, ఇంటర్వ్యూకి వచ్చి కూర్చున్నట్టుంది" అని అది విసుక్కుంటుంది.

అల్లుడు నెట్‌వర్క్ డిజైనర్. మా కంపెనీలోనే, వేరే భవనంలో పనిచేసేవాడు. ఈసారి మూడో హాల్లో కొత్త స్విచ్‌లు పెట్టాలనుకున్నప్పుడు డిజైన్ అతనికిచ్చారు. తన సంతకంతో బయటికొచ్చిన మొదటి డిజైన్ అది. కేబుళ్ళ పని నాకు పడింది.

హాల్లో పదహారు ర్యాకులు. ప్రతి ర్యాకు నెత్తిన ఒక స్విచ్. వీటన్నిటినీ కలపడానికి చివరి ర్యాకులో నాలుగు పెద్ద స్విచ్‌లు. ప్రతి చిన్న స్విచ్ నుంచి నాలుగు పెద్దవాటికీ తలా ఒక ఫైబర్ కేబుల్ వెళ్ళాలి. లెక్క అరవై నాలుగు. పాత స్విచ్‌ల కన్నా ఇవి నలభై రెట్లు వేగమట. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోయింది, చూస్తున్న నాకు కూడా సంతోషమేసింది.

మా మేనేజరు ప్రతి మాటకూ చేతి వాచీ చూసుకుంటాడు కాబట్టి వెనకాల ఆయన్ని గడియారం అంటాం. ఆయన ముందే తేల్చి చెప్పేశాడు. "గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి హాలు అప్పగించాలి. అప్పటికి అరవై నాలుగు లింకులూ పనిచెయ్యకపోతే పాత స్విచ్‌లే మళ్ళీ బిగించేస్తాం. డిజైన్ ఇంకో టీమ్‌కి పోతుంది." అల్లుడు సరేనని తలూపాడు.

సోమవారం అతను తెప్పించిన కేబుళ్ళ పెట్టెలు వచ్చాయి. ఒక్కో కేబుల్‌లో పన్నెండు గాజు పోగులుంటాయి, వెంట్రుక కన్నా సన్నవి. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు ఎర్ర లైటు పెన్నుతో చూడటం నాకలవాటు. మొదటి పోగులో లైటు వేశాను. అవతలి కొసన అది పన్నెండో చోట వెలిగింది. రెండో పోగులో వేస్తే పదకొండో చోట. ఇంకో కేబుల్ తీశాను, అదీ అంతే. పెట్టె పెట్టంతా తిరగేసి ఉంది.

ఇన్నేళ్ళలో ఈ రకం కేబుళ్ళు నేను లాగినవన్నీ తిన్ననివే. మొదటిది మొదటి చోటికే చేరాలి. పాపం, పిల్లవాడు ఆర్డరు రాసేటప్పుడు ఏదో పొరపాటు పడ్డాడనుకున్నాను. మొదటి డిజైన్ కదా. ఈ సంగతి గడియారం చెవిన పడితే నలుగురిలో తలవంపులు. అల్లుడికి చెబుదామంటే, అత్తగారు తప్పు పట్టిందని ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడో అని ఇంకో బెంగ.

చివరికి ఎవరికీ చెప్పకుండా తప్పును కడుపులో దాచుకున్నాను. ఆ పెట్టెలన్నీ స్టోర్ రూమ్‌లో వెనక్కి నెట్టించి, రెండో హాల్లో మిగిలిన తిన్నని కేబుళ్ళు అరవై నాలుగు బయటికి తీయించాను. నా టీమ్‌లోని పొడుగమ్మాయి ఒకసారి అడిగింది కూడా, "అక్కా, డ్రాయింగ్‌లో వేరే నంబరుందే" అని. "నీకెందుకు, వెయ్యి" అన్నాను. అల్లుడి పరువు కాపాడినందుకు ఆ రెండు రోజులూ నాలో నేనే మురిసిపోయాను. పని కూడా అంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. ఒక్క కేబుల్ కూడా వంకర లేదు. టెస్టర్ పెడితే అన్నిట్లోంచీ వెలుగు బ్రహ్మాండంగా పోతోంది.

గురువారం ఉదయం పదింటికి స్విచ్‌లు ఆన్ చేశారు. ఫ్యాన్ల మోతకు ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే. ర్యాకుల లోపలి లింకులన్నీ పచ్చగా వెలిగాయి. పెద్ద స్విచ్‌లకు వెళ్ళే అరవై నాలుగింటిలో మాత్రం ఒక్కటీ వెలగలేదు.

అల్లుడు నేల మీదే చతికిలబడి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చూశాడు. గంటకు పైగా చూశాడు. "రెండు వైపుల నుంచీ వెలుగు బయల్దేరుతోంది. ఏ వైపుకీ చేరట్లేదు" అన్నాడు. లేచి ఒక కేబుల్ ఊడదీసి, దాని రెండు కొసలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. చూసి, మళ్ళీ నెమ్మదిగా ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

"ఏంటయ్యా సంగతి?" గడియారం అరిచాడు.

"నాదే సార్ పొరపాటు. కేబుళ్ళ రకం రాయడంలో తప్పు చేశాను" అన్నాడు అల్లుడు.

నాకు అర్థం కాలేదు. తప్పు నేను దిద్దేశాను కదా, ఇంకా తప్పెక్కడుంది? దగ్గరికెళ్ళి, "ఏం తప్పు బాబూ?" అన్నాను. అతను బూట్ల వంక చూశాడు. "ఏం లేదు అత్తయ్యా, మీరు కూర్చోండి" అన్నాడు. ఆ మాటతో నాకు అనుమానమొచ్చింది. కేబుల్ నేనే లాగి చూశాను. "తిరగేసినవే కావాలా దీనికి?" అన్నాను. ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు కొద్దిగా తలూపాడు.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళూ నేను లాగినవి గోడ మీది డబ్బా నుంచి ఇంకో డబ్బాకు. దారి తిప్పే పని ఆ డబ్బాలు చేసేవి. ఇక్కడ డబ్బాలే లేవు, స్విచ్ నుంచి నేరుగా స్విచ్‌కే. తిన్నగా వేస్తే ఇటు పంపేది అటు పంపేదానికే ఎదురుపడుతుంది. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, వినే నాథుడు లేడు. తిప్పాల్సింది కేబులే. పిల్లవాడు సరిగ్గానే రాశాడు. చెడగొట్టింది నేను.

తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళలో నా పని మీద ఒక్క మచ్చ లేదు. అతను నా కోసం తన మొదటి డిజైన్‌ని పోగొట్టుకోవడానికి సిద్ధపడి, తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. నాకు కోపమే చేతనవును.

"అబద్ధం!" అని అరిచాను. హాల్లో ఫ్యాన్లు లేనట్టే వినబడి ఉంటుంది అందరికీ. "ఆయన రాసింది నిక్షేపంలా ఉంది. కేబుళ్ళు మార్చింది నేను. అడక్కుండా మార్చాను. తప్పు నాది."

"లేదు సార్, నాదే" అన్నాడు అల్లుడు.

"మీరుండండి బాబూ!"

"మీరుండండి అత్తయ్యా!"

గడియారం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ మర్యాదలు తగలెయ్య! అసలు కేబుళ్ళు ఉన్నాయా, లేవా?"

"స్టోర్ రూమ్‌లో ఉన్నాయి" అన్నాను.

"పదకొండున్నర్రా దేవుడా" అని ఆయన వాచీ చూసుకుని, దాన్ని విప్పి జేబులో పడేసి, చొక్కా చేతులు మడిచాడు.

ఆ గంటన్నర నా జీవితంలో ఎంత బాగా గడిచిందో చెప్పలేను. నేను వేసినవి ఎక్కడివక్కడే ఉంచేశాం, పోర్టుల దగ్గర మాత్రం ఊడదీశాం. కొత్తవి వాటి పక్క నుంచే లాగాం. పొడుగమ్మాయి ర్యాకుల మీది కేబుల్ ట్రేలో వేస్తూ పోతుంటే కింద గడియారం కేబుల్ వదులుతున్నాడు. నేను కొసలు తుడిచి అందిస్తున్నాను, అల్లుడు గుచ్చుతున్నాడు. మొదటిది టిక్కుమని కూర్చుంది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఆ చివరా ఈ చివరా ఒకేసారి పచ్చ దీపం వెలిగింది. నేను ఒళ్ళు మరిచి కేక పెట్టాను. ఆ తర్వాత దీపం వెలిగినప్పుడల్లా హాలంతా అంకె అరిచింది. గడియారమైతే చిన్నపిల్లాడిలా "ముప్పై ఏడూ!" అని గొంతు చించుకున్నాడు.

అరవై మూడు వెలిగాయి. ఆఖరిది వెలగలేదు. అల్లుడు నా వైపు చూశాడు. కేబుల్ కొసను కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూశాను. దుమ్ము. క్లీనర్‌తో రెండుసార్లు తుడిచి ఇచ్చాను. వెలిగింది. ఒంటిగంటకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

అప్పగింత అయ్యాక గడియారం వాచీ పెట్టుకుని, మా ముందు కొత్త కాగితాలు పడేశాడు. "నాలుగో హాలు కూడా నువ్వే చెయ్యవయ్యా. కాకపోతే ఈసారి డ్రాయింగ్ మీద మీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. సాయంత్రానికి కావాలి" అని వెళ్ళిపోయాడు.

టీ రూమ్‌లో కూర్చున్నాం. ఎందుకు మార్చానో అంతా చెప్పేశాను. అల్లుడు కప్పు వంక చూస్తూ అన్నాడు, "నేనూ ఒకటి చెప్పాలి అత్తయ్యా. మంగళవారం స్టోర్ రూమ్‌లో పెట్టెలు చూశాను. వేరే కేబుళ్ళు వేస్తున్నారని తెలుసు. అన్నేళ్ళ అనుభవం కదా, ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నాను. అడిగితే మీరు నొచ్చుకుంటారని..."

"చూశావా!" నేను ఒంటికాలి మీద లేచాను. "చూసి నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా? నీ డిజైన్‌ని నా కళ్ళముందే ముంచుకుంటావా? బుర్రుందా నీకు అసలు?"

'నువ్వు' అనేశానని నాకు అప్పుడు తెలిసింది. నాలిక కరుచుకున్నాను. అతను మాత్రం కప్పు కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అతని నవ్వు అంత పెద్దదని రెండేళ్ళలో నాకు తెలియదు.

నాలుగో హాలు డ్రాయింగ్ పరిచాడు. మొదటి చూపులోనే పట్టేశాను. "ఈ నాలుగు పెద్ద స్విచ్‌లూ ఒక్క ర్యాకులోనే ఎందుకు? వెనకాల కేబుళ్ళ కట్ట ఫ్యాన్ల గాలికి అడ్డం పడదూ? రెండు ర్యాకుల్లో పెట్టు."

"అప్పుడు కేబుళ్ళు పొడుగవుతాయి."

"అయితే అవనీ, లాగేది నేను కదా!"

"లాగేది మీరే, లెక్క చూడాల్సింది నేను. అస్సలు కుదరదు అత్తయ్యా."

"ఎందుకు కుదరదో చెప్పి చావు!"

అంతలో అమ్మాయి ఫోన్ చేసింది. ఏమైందో కనుక్కోవాలని పొద్దుటి నుంచి కాచుకుని ఉందట. అన్నీ వెలిగాయని చెప్పాను. పక్క నుంచి అల్లుడు బల్ల మీద పెన్నుతో కొడుతూ, గాలి ఎటు పోతుందో నాకు వినబడేలా అరుస్తున్నాడు.

"ఏంటమ్మా ఆ గొడవ?" అంది.

"ఏముంది, నీ మొగుడు! ఒక్క ముక్క చెవికెక్కదు. గంట నుంచి దెబ్బలాడుకుంటున్నాం."

అవతల అది నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"నిజంగానా? ఫోన్ పెట్టెయ్యమ్మా, మధ్యలో ఆపకండి" అంది.