వంకాయరంగు జాడ

ఆ గదిలో చేతులెత్తి ఓటేసే పద్ధతి లేదు. బ్రౌజర్లన్నీ ఏ నియమాల ప్రకారం నడవాలో తేల్చే పదకొండుమంది అక్కడ కూర్చుంటారు. వాదనలన్నీ అయ్యాక, అందరికంటే వయసులో పెద్దవాడైన అధ్యక్షుడు బల్లమీద చిన్న ఇసుక గడియారం తిరగేస్తాడు. నిమిషంలో ఇసుక జారిపోతుంది. ఈలోపు ఒక్కరు "నాకు అభ్యంతరం" అన్నా ఆ మార్పు ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఎవరూ నోరు మెదపకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

ఆ రోజు తేలాల్సింది ఒక రంగు సంగతి. మనం చదవని లింకు నీలంగా ఉంటుంది. చదివామంటే వంకాయరంగుకు మారుతుంది. అందులో కన్నం ఉందని కనిపెట్టింది, ఆఫీసులో అందరూ చాదస్తం అని పిలిచే ఆవిడ. నీడను చూసినా దొంగే అనుకునే మనిషని ఆ పేరు పెట్టారు. ఈసారి నిజంగానే దొంగ దూరే దారి దొరికింది. ఆవిడ పిల్లుల బొమ్మలతో ఒక పేజీ తయారుచేసి చూపించింది. తెరిచినవాడు పిల్లుల్ని చూసి నవ్వుకునేలోపే, ఆ పేజీ అడుగున దాచిన లింకుల్లో ఏవి రంగు మారాయో చూసుకుని, అతను అంతకుముందు ఏమేం చదివాడో జాబితా రాసేసుకుంటుంది.

"అందుకని పాత రంగులన్నీ చెరిపేద్దాం. ఇకమీద ఒక సైటులో నొక్కిన లింకు ఆ సైటులోనే రంగు మారాలి, వేరేవాళ్లకి కనిపించకూడదు," అంది.

ఎదురుగా ఒక కుర్చీ వెనక్కి జరిగింది. ఎప్పుడూ కొత్త హంగులే కావాలనే అతన్ని రాకెట్ అంటారు. "చదివిన తేదీ కూడా చూపిద్దామని నేనడుగుతుంటే, ఉన్న రంగే పీకేస్తానంటారేంటండీ? ఎలకలున్నాయని ఇంటికి నిప్పెట్టుకుంటామా?"

"నిప్పు కాదు నాయనా, కన్నం పూడుస్తున్నాం."

"నేను చదివింది ఎవడో చూస్తే కొంపలేం మునుగుతాయి? నేను చదివేది బట్టతలకి మందులు!"

"అది చదవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు అధ్యక్షుడు. గదంతా నవ్వింది.

"బట్టతలయితే నవ్వుతారు. ఇంకో జబ్బు పేరయితే?" అంది చాదస్తం. నీళ్లు తాగింది.

ఆవిడ ఉండేది అక్కతో. బావ పోయి ఎనిమిది నెలలు. అక్కకి నలభయ్యో ఏట బావే అక్షరాలు దిద్దించాడు. ఇప్పటికీ తెర మీద మాట కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతుంది. ఆయన పోయాక ఆయన కంప్యూటర్లో, ఆయనకిష్టమైన విజ్ఞానకోశం తెరిచి కూర్చుంటోంది. నీలం లింకుల జోలికి పోదు. వంకాయరంగువే నొక్కుతుంది.

"ఇది మీ బావ నడిచిన దారే," అంటుంది. "తిమింగలాల దగ్గర్నించి ఓడల దీపస్తంభాలకి, అక్కణ్ణించి గాజు ఎలా కాస్తారో అన్నదానికి ఎందుకెళ్లాడే ఈ మనిషి?"

చాదస్తం తన పిల్లుల పేజీని మొదట పరీక్షించింది ఆ కంప్యూటర్ మీదే. జాబితాలో తిమింగలాలకీ గాజుకీ మధ్య ఒక జబ్బు పేరు వచ్చింది. బావని తీసుకెళ్లిపోయిన జబ్బే. ఆఖరి నెలంతా ఆయన మంచం దిగలేదు. అంతకుముందు ఎవరడిగినా "ఒట్టి అజీర్ణం" అనేవాడు. అంటే ముందే తెలుసన్నమాట. అక్కకి ఆ సంగతి ఆవిడ చెప్పలేదు. దాచిన మనిషి గుట్టును ఒక పిల్లి బొమ్మ లాగేసిందే అని, ఆ రాత్రే ఈ మార్పు కోరుతూ రాయడానికి కూర్చుంది.

అధ్యక్షుడు ఇసుక గడియారం తిరగేశాడు.

"నిమిషం మౌనం పాటిస్తున్నాం సరే, పోయిందెవరండీ?" అన్నాడు రాకెట్. మళ్లీ నవ్వులు. ఆవిడ నవ్వలేదు. తనే అభ్యంతరమని ఒక్కమాట అంటే అక్కకి ఇంకో ఆరు నెలలు ఆ దారి మిగులుతుంది. ఆ ఆరు నెలలూ ఎన్ని ఇళ్లలో, ఎంతమంది ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేనివి ఎవరెవరి కంట్లో పడతాయో! అయినా మార్పు అందరికీ చేరేసరికి ఆరు వారాలు పడుతుందిగా, అనుకుంది. రోజూ అక్క పక్కన కూర్చుని, రంగు మారిన పేర్లన్నీ పుస్తకంలోకి ఎక్కించేస్తే సరి.

ఇసుక అయిపోయింది. ఆవిడ నోరు విప్పలేదు, రాకెట్ కూడా అడ్డుపడలేదు.

మర్నాడు సాయంత్రం దళసరి అట్ట ఉన్న నోటుపుస్తకం కొనుక్కుని ఇంటికెళ్లింది. అక్క కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

"నేనేదో నొక్కేశానే. పొద్దున్నించీ అన్నీ నీలంగా ఉన్నాయి. మీ బావవి ఒక్కటీ కనపడట్లేదు. ఏం ముట్టుకున్నానో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తురావట్లేదు."

చాదస్తం చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. ఆ కంప్యూటర్లో ఉన్నది అందరూ వాడే బ్రౌజరు కాదు, పరీక్షకోసం ముందుగా వదిలే రకం. అయిదేళ్ల కిందట తనే పెట్టింది. "నీ తప్పులు పట్టడానికి నేనున్నాగా మరదలా, పెట్టెయ్," అన్నాడు బావ. అందరికీ ఆరు వారాలకి చేరేది బావ కంప్యూటర్లోకి ఒక్క రాత్రిలో వచ్చేసింది. లోకంలోని కన్నాలన్నీ వెతికే మనిషి, తన ఇంట్లో తను పెట్టినదాన్ని మర్చిపోయింది.

"నువ్వు కాదక్కా. నేనే." జరిగిందంతా చెప్పింది.

అక్క తెర మీది నీలం మాటల కింద వేలు జరుపుకుంటూ పోయింది. "మళ్లీ రాదా?"

"రాదు."

"అందులో ఒకటుండేది," అంది అక్క. "ఆ జబ్బు పేరు. కూడబలుక్కుని చదివా. రోజూ అక్కడిదాకా వెళ్లి, లోపలికి పోలేక వెనక్కొచ్చేదాన్ని. నువ్వు తట్టుకోలేవని నేనే నీకు చెప్పలేదే."

చెల్లెలు కింద కూలబడి అక్క మోకాలి మీద తల ఆనించింది. అక్క ఆ జుట్టు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో వెతుక్కుంటూ వెళ్లి ఆ పేరు దగ్గర ఆగింది. దాన్నెవరూ ఎన్నడూ ముట్టుకోనట్టు నీలంగా ఉంది. ఈసారి నొక్కింది. పేజీ నిండా సన్నటి అక్షరాలు.

"నువ్వే చదివిపెట్టు," అంది. చెల్లెలు లేచి, చదవడం మొదలుపెట్టింది. రెండో పేరా దగ్గర అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎంతవరకు చదివి లేచుంటాడే, మీ బావ ఒక్కడూ?"