అద్దె నీడ

ఆ వెల్డింగు షాపు గోడకు పన్నెండు నీడరేకులు ఎప్పుడూ చేరవేసి ఉండేవి. కిటికీ పైన బయటివైపు బిగిస్తే ఎండను లోపలికి రానివ్వని రేకులవి. చూసినవాళ్ళు అమ్మకానికేమో అనుకునేవారు. కాదు, అద్దెకు!

కొత్త మేడల్లో ఎండ తగిలే ప్రతి కిటికీకీ నీడరేకు ఉండాలని నగర పాలకులు నిబంధన పెట్టారు. ఇల్లు తనంతట తాను చల్లగా ఉంటే ఏసీలు తక్కువ తిరుగుతాయి, కరెంటు కోసం కాల్చే బొగ్గు తగ్గుతుంది, ఊరికి కాస్త ఊపిరాడుతుంది. ఎంత మంచి ఆలోచన! కాని తనిఖీ తేదీ వారం ముందే బిల్డరుకు తెలిసిపోయేది. ముందురోజు మన వెల్డరు వెళ్ళి రేకులు బిగించేవాడు. అనుమతి పత్రం చేతికందగానే విప్పేసి, రంధ్రాలకు లప్పం పూసి, ఇంకో మేడకు మోసుకుపోయేవాడు.

"ఈ ఊళ్ళో నా రేకులెక్కినన్ని మేడలు కాకులు కూడా ఎక్కలేదు" అని జోకులు వేసేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వినవాళ్ళలో ఒక్కరికీ అది తప్పనిపించలేదు, అదే మన దౌర్భాగ్యం.

ఆ ఎండాకాలం మొదట్లో అతని కూతురు నెలల పాపతో ఒక మేడ పై అంతస్తులోకి అద్దెకు దిగింది. అతను చూడ్డానికి వెళితే గది పెనంలా ఉంది. ఏసీ ఆయాసపడుతూ తిరుగుతోంది, పాప ఒంటి నిండా చెమటకాయలు.

"కరెంటు పోతే దీన్నెత్తుకుని మెట్ల మీదే కూర్చుంటున్నా నాన్నా. ఇంకోసారి ఇలా వడలిపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరమ్మ అంది. కిటికీలకి రేకులుండాలని రూలుందట కదా, మరి మనకెందుకు లేవో!"

"రెండు రేకులు తెచ్చి బిగించేస్తాలేవే" అంటూ అతను కిటికీలోంచి వంగి పైగోడను తడిమాడు. వేళ్ళకు లప్పం ముద్దలు తగిలాయి. నాలుగు. అతనిది ఎడమచేతి వాటం, మూడో రంధ్రం ఎప్పుడూ కాస్త పక్కకు పడేది. ఇక్కడా పక్కకే పడింది. మూడేళ్ళలో ఎన్ని మేడలెక్కాడో, ఇది వాటిలో ఒకటని అతనికి గుర్తేలేదు.

"నేనే విప్పానమ్మా" అన్నాడు. కూతురు పాపకు విసురుతూనే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే రేకులు బిగించి, మళ్ళీ ఎవరూ విప్పలేకుండా బోల్టుల తలలు వెల్డు చేసేశాడు. మర్నాడు మేడల తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ ముందు నిలబడి అంతా చెప్పేశాడు.

ఆవిడ పాత ఫైళ్ళు తెప్పించింది. ఏ మేడ ఫొటో చూసినా, మూల సొట్టపడిన అదే రేకు! ఆవిడ మొహం చిన్నబోయింది.

"మీ ఒక్కరి తప్పే కాదండీ. ఫలానా రోజు వస్తున్నానని చాటింపేసి మరీ తనిఖీ చేశాను. ఆ ఇంట్లో ఉండేవాళ్ళని మాత్రం ఏనాడూ అడగలేదు" అంది.

ఆవిడ ఊరుకోలేదు. పైవాళ్ళతో పోట్లాడి పద్ధతి మార్పించింది. తనిఖీ ఇక చెప్పకుండానే జరుగుతుంది. ఒక ఎండాకాలం గడిచి, రేకులు అలాగే ఉన్నాయని ఇంట్లో ఉండేవాళ్ళు సంతకం పెడితేనే అసలు అనుమతి పత్రం. పాత మేడలకూ అంతే. బిల్డర్లు చిర్రుబుర్రులాడారు, వెల్డరును తిట్టిపోశారు. చివరికి రేకుల కోసం అతని షాపుకే వచ్చారు, ఈసారి కొనుక్కోవడానికి.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఇన్‌స్పెక్టరమ్మ ఆ పై అంతస్తుకు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఏసీ ఆగి ఉంది, ఫ్యాను గాలికే పాప ఆదమరిచి నిద్రపోతోంది. కూతురు చప్పుడు కాకుండా సంతకం పెట్టింది.

"పన్నెండు రేకులూ అమ్మేశారా?" అని మెల్లగా అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"పదేనమ్మా. రెండు ఇక్కడే ఉన్నాయిగా" అన్నాడు వెల్డరు, మనవరాలి వైపు చూస్తూ. "ఇక అద్దె మాటే లేదు. చట్టం కళ్ళు కప్పామని మురిసిపోయాం గాని, మేం విప్పేసింది మా పిల్లల నెత్తి మీది నీడనే."