సాంచాల పక్కన కంప్యూటర్

మౌస్ కదిపితే బాణం గుర్తు కదలదు. కదిలిందా, అడగని చోటికి వెళ్లి కూర్చుంటుంది. హేమలతకు ఒళ్లు మండిపోతోంది. చీర అంచు డిజైన్ ఇంకా సగం మిగిలే ఉంది. మధ్యాహ్నంలోగా పూర్తిచేసి కోరుట్లలో చీరల వ్యాపారం చేసే పాషాకు పంపాలి. ఇన్నేళ్లూ వేరేవాళ్ల డిజైన్లకు మెరుగులు దిద్దిన మనిషి. సొంతంగా గీసి, సొంత పేరుతో ఇస్తున్న మొదటి డిజైన్ ఇదే. ఇవాళ అందకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తానని పాషా ముందే చెప్పేశాడు. సిరిసిల్లలో డిజైన్లు గీసేవాళ్లకేం కరువు?

ఈ దయ్యం పట్టిన డబ్బా మాత్రం కొన్నాళ్లుగా ముక్కుతూ మూలుగుతోంది. రిపేర్లు చేసే జీవన్ ఏదో పని మీద జగిత్యాలలో ఉన్నాడు. ఇక ఫోన్లోనే వైద్యం. అక్కరలేని ప్రోగ్రాములు తీసెయ్యమన్నాడు, తీసేసింది. పాత సినిమాలు తుడిచెయ్యమన్నాడు, తుడిచేసింది. భర్త రవీందర్ దాచుకున్నవి కూడా పోయాయి, పీడా పోయింది. వైరస్ వెతికించమన్నాడు. ఆ వెతుకులాట సగానికొచ్చి మొరాయించింది. కాసేపు ఆపి మళ్లీ వేస్తే బాగానే పరిగెత్తి, అంతలోనే చతికిలబడింది. చివరికి ఫార్మాట్ కొట్టాలన్నాడు జీవన్. కొడితే డిజైన్ కూడా పోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటే అది తెల్లారేదాకా ఎక్కేలా ఉంది.

హేమలత లేస్తుంది, కూర్చుంటుంది, నీళ్లు తాగుతుంది, మళ్లీ లేస్తుంది. అదే గదిలో రవీందర్ నూలు చీరలు నేసే సాంచాలు, ఆ కరెంటు మగ్గాలు, చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. విసుగొచ్చి డబ్బా మీద ఒక్కటి చరిచింది. చెయ్యి చురుక్కుమంది. సాంచ మోటారు ఇలా కాలితే రవీందర్ ముందు లోపల చూస్తాడు. ఆమె అతన్ని కేకేసింది. అతను సాంచాలను ఆపకుండానే స్క్రూడ్రైవర్ తెచ్చి పక్క రేకు ఊడదీశాడు.

అయ్యో రామ, లోపల ఫ్యాన్ ఏది? రెక్కల నిండా తెల్లటి దూది నూగు గడ్డకట్టుకుపోయింది. వైరస్సూ కాదు, సినిమాల బరువూ కాదు, పాపం గాలాడక చస్తోంది. చల్లారితే పరిగెత్తడం, వేడెక్కితే కూలబడడం అందుకే. హేమలతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ నూగును ముద్దగా లాగి అరచేతిలో పెట్టుకుంది. మిగిలిందాన్ని రవీందర్ నోటితో ఊదాడు.

ఊదగానే దగ్గు అందుకుంది. ఎంతకీ ఆగని దగ్గు. గోడ పట్టుకుని అలాగే జారి కూర్చున్నాడు. "ఏం గాలె, దుమ్ము వోయింది గంతే," అని చెయ్యి ఊపాడు.

హేమలత అతన్ని చూసింది, అరచేతిలోని ముద్దను చూసింది. కంప్యూటర్ ఈ గదిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇతను మీసాలు రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నాడు. ఈమధ్య మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుంటున్నాడు. బరువెత్తాలంటే పక్కింటివాళ్లను పిలుస్తున్నాడు. అప్పుడే ముసలోడివైపోయావా అని తాను ఎంత ఎగతాళి చేసింది! సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కంప్యూటర్ కోసం పొద్దుటి నుంచి జగిత్యాల దాకా ఫోన్లు కొట్టింది. ఈ మనిషి కోసం ఒక్కరినైనా అడగలేదు.

లేచి సాంచాల స్విచ్ ఆపేసింది. గది మూగబోయింది. అప్పుడు వినబడింది, అతని ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు. సాంచాల చప్పుడు కింద అవి ఎన్నాళ్లుగా ఉన్నాయో ఏమో.

రవీందర్ మాత్రం కంప్యూటర్ వేసి చూశాడు. డిజైన్ చిటికెలో తెరుచుకుంది. "ఉరుకుతున్నది సూడు. జల్ది గియ్యి, పాషా భాయ్..." మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎదురుసూస్తుంటడు."

గీస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది, అది ఆమెకూ తెలుసు. సర్కారు దవాఖానలో డాక్టర్ చూసేది కూడా మధ్యాహ్నం దాకే. ఆమె పాషాకు ఫోన్ చేసి, ఇవాళ తనవల్ల కాదని, ఆ పని ఇంకెవరికైనా ఇచ్చుకొమ్మని చెప్పింది. అతనేదో అంటుండగానే పెట్టేసింది.

రవీందర్ తెల్లబోయాడు. "పిచ్చి లేసిందా? కంప్యూటర్ బాగైంది గద."

"అదైతే బాగైంది. నువ్వు చెప్పులేసుకో."