అమ్మమ్మ ఏ గుమ్మంలోంచి వెళ్ళింది

దుబాసి అన్న పేరు ఆమెకు తొమ్మిదో ఏట పడింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టిన అమ్మమ్మకు ఓడెక్కి వలస వచ్చిన దేశంలో ముప్పై ఏళ్ళున్నా ‘ఎంత’, ‘చాలు’ అన్న రెండు మాటలు దాటి ఊరి భాష రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినా, కరెంటు ఆఫీసుకి వెళ్ళినా, కింద వాటావాళ్ళతో తగవు పడినా పక్కన ఈ మనవరాలు ఉండాల్సిందే. తిట్లు కూడా పొల్లుపోకుండా అటు చెప్పేది, అటువాళ్ళవి ఇటు చెప్పేది. పెద్దయ్యాక అదే ఉద్యోగమైంది. ఊరి పెద్దాసుపత్రిలో రోగులకీ డాక్టర్లకీ మధ్య కూర్చుని మాట అందిస్తుంది. అక్కడ నియమం ఒకటే. రోగి ‘నాకు భయంగా ఉంది’ అంటే, ‘ఈయనకు భయంగా ఉందట’ అనకూడదు. ‘నాకు భయంగా ఉంది’ అనే చెప్పాలి. పదహారేళ్ళలో ఆమె ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు.

మిగిలిన వేళల్లో తెలుగులో కథలు రాసుకునేది. రెండు పుస్తకాలు వచ్చాయి. చుట్టాలు కొన్నవి పోగా మిగతావి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. అయినా ఆమెకు దిగులు లేదు, ఎందుకంటే అసలు పుస్తకం ఇంకా రాయలేదు. అది అమ్మమ్మ కథ. ఆసుపత్రుల బల్లల మీదా బస్సుల్లోనూ అమ్మమ్మ చెప్పినవన్నీ ఏడు నోటు పుస్తకాల్లో ఉన్నాయి. పదకొండేళ్ళుగా మొదటి అధ్యాయం రాస్తోంది, చింపుతోంది.

ఈలోపు ఆ కథ ఆమె పిన్ని కూతురు రాసేసింది.

చిన్నప్పట్నుంచీ నోరు మూత పడదని ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఎనిమిదేళ్ళు చిన్నది, బడిలో భూగోళం చెబుతుంది. ఊరి భాషలో రాసిన మొదటి నవలకే బహుమానం వచ్చింది. బస్సుల వెనక బొమ్మ వేశారు. దుబాసి ఎక్కే బస్సు వెనకే పిచ్చుక గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతూ ఉండేది. నాలుగు రోజులు చూసి, ఐదో రోజునుంచి దుబాసి ఆసుపత్రికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే ఒళ్ళు తగ్గడానికని చెప్పింది.

నవల ఒక్క పూటలో చదివేసింది, ఎర్ర పెన్సిలు పట్టుకుని. వచ్చిన ఓడ తప్పు. ఉన్న వీధి తప్పు. అన్నిటికంటే ఘోరం సమ్మె ఘట్టం. రెండు మాటలు దాటని అమ్మమ్మ నవలలో ఫ్యాక్టరీ గేటు ముందు పీటెక్కి ఊరి భాషలో పది పేజీలు ఉపన్యసించింది. దుబాసి ఆ పేజీల అంచున పెన్సిలు విరిగేలా గీత గీసింది. బాధ ఏమిటంటే, తప్పులన్నీ ఉన్నా పుస్తకం బాగుంది. రెండు చోట్ల కళ్ళు చెమర్చాయి. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ పిల్ల అడక్కుండా రాసిందా అంటే అదీ కాదు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చింది.

“అక్కా, అమ్మమ్మ సంగతులు నీకు తెలిసినన్ని ఎవరికీ తెలియవు. ఏదో రాద్దామనుకుంటున్నా. కాస్త చెప్పవూ?”

“నాకేం గుర్తుంటాయే? ఎప్పటి మాటలవి” అంది దుబాసి.

“ఫ్యాక్టరీలో పెద్ద సమ్మె జరిగిందట కదా. అప్పుడు అమ్మమ్మ ఏం చేసింది?”

“ఏమో మరి. అందరూ చేసిందే చేసుంటుంది.”

నోటు పుస్తకాలు పిచ్చుక కూర్చున్న కుర్చీ వెనక అలమరలోనే ఉన్నాయి.

గ్రంథాలయం నుంచి ఫోను వచ్చినప్పుడు దుబాసి కాదనలేకపోయింది. ‘రెండు భాషల మధ్య రచయితలు’ అని శనివారం మధ్యాహ్నం సభట. పిచ్చుకతో పాటు, పూర్వులు ఓడల్లో వంటవాళ్ళుగా వచ్చిన ఒక పెద్దాయన, మూడోమనిషిగా దుబాసి. “మా వాళ్ళు మీ పేరే చెప్పారు” అంది గ్రంథాలయాధికారి. ఆ పేరు చెప్పింది పిచ్చుకేనని తర్వాత తెలిసింది. దయతలచి వేసిన పీట అనుకుని దుబాసి పళ్ళు నూరుకుంది.

హాలు నిండిపోయింది. ముందు వరసలో అమ్మా పిన్నీ పక్కపక్కన కూర్చున్నారు. గ్రంథాలయాధికారి మొదటి ప్రశ్నగా, మీరు ఏ భాషలో కలలు కంటారు అని అడిగింది.

“కలలో నేను మాట్లాడనండి” అన్నాడు ఓడల పెద్దాయన. “అక్కడ కూడా మా ఆవిడే మాట్లాడుతుంది.”

జనం నవ్వారు. పిచ్చుక తనకు అమ్మభాష వినడానికీ ఊరి భాష రాయడానికీ అంది. చాలామంది తలలాడించారు. దుబాసి వంతు వచ్చేసరికి, తాను ఇతరుల మాటలే ఎక్కువ మాట్లాడతానని ఏదో చెప్పింది. ఎవరూ తలాడించలేదు.

వెనక వరసలోంచి ఒకావిడ లేచి పిచ్చుకను అడిగింది. “ఆ సమ్మె ఘట్టం నిజమేనా?”

“కొన్ని కల్పించాను. కానీ మా అమ్మమ్మ ఆ గేటు ముందు నిలబడిందన్నది నిజం. ఆవిడ దగ్గర్నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ ధైర్యమే.”

చప్పట్లు మోగాయి. పిన్ని కళ్ళు తుడుచుకుంది. దుబాసి చూస్తే తన తల్లి కూడా చప్పట్లు కొడుతోంది. తన రెండు పుస్తకాలు విడుదలైన రోజున ఆ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఇక ఆగలేక మైకు దగ్గరికి లాక్కుంది.

“నిలబడలేదు” అంది ఊరి భాషలో, రోగి గురించి రిపోర్టు చదివినంత నెమ్మదిగా. “సమ్మె మూడో వారంలో మా అమ్మమ్మ వెనకగుమ్మం గుండా పనిలోకి వెళ్ళింది. నాతో తనే చెప్పింది. నేను రాసి పెట్టుకున్నాను.”

పిచ్చుక మొహంలో రంగు పోయింది. నవ్వుదామని చూసింది, కుదరలేదు. అక్కవైపు తిరిగి తెలుగులో మాట్లాడింది.

“నిన్ను అడిగాను కదక్కా. మీ ఇంటికొచ్చి అడిగాను. ఏమీ గుర్తులేదన్నావు. ఇప్పుడు ఇంతమందిలో చెబుతున్నావు. ఇన్నాళ్ళూ దీనికోసమే దాచావా?”

ముందు వరసలో ఇద్దరికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. గ్రంథాలయాధికారి పాపం మర్యాదగా వంగి, “ఆమె ఏమన్నారో మాకు చెబుతారా?” అని దుబాసినే అడిగింది.

ఏదో ఒకటి చెప్పి దాటెయ్యవచ్చు. మా చెల్లి ఆశ్చర్యపోయిందండీ అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పదహారేళ్ళ అలవాటు ఒప్పుకోలేదు. దుబాసి మైకు సరిచేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“నిన్ను అడిగాను కదక్కా” అని ఊరి భాషలో మొదలుపెట్టింది. “మీ ఇంటికొచ్చి అడిగాను. ఏమీ గుర్తులేదన్నావు.” చివరి ప్రశ్ననూ మింగకుండా చెప్పేసింది. చెప్పాక, “దీనికి నా జవాబు ఔను” అని తనవైపునుంచి కలిపింది.

ఓడల పెద్దాయన గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందుకి జరిపాడు. తర్వాత ఏ ప్రశ్నలు వచ్చాయో, సభ ఎలా ముగిసిందో ఆమెకు తెలియదు.

బయట వరండాలో పిచ్చుక ఎదురుపడింది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నేనంటే నీకు అసూయ అక్కా.”

“ఔనే. నీ బొమ్మ చూడలేక బస్సు మానేశాను.”

అంత సూటిగా ఒప్పుకుంటుందని పిచ్చుక అనుకోలేదు. “నాకు ఉండేది కాదనుకున్నావా? అమ్మమ్మ ఎక్కడికెళ్ళినా నిన్నే వెంటబెట్టుకెళ్ళేది. నేను గుమ్మం దగ్గర ఏడుస్తూ కూర్చునేదాన్ని. నా దగ్గర ఆవిడ మాట ఒక్కటీ లేదు. అందుకే పది పేజీలు మాట్లాడించాను.” ముక్కు తుడుచుకుని అడిగింది. “ఆ నోటు పుస్తకాలు ఇస్తావా?”

“ఇవ్వను.”

“అయితే నువ్వే రాయి. ఎవరో ఒకరు రాయాలి కదా” అని విసవిసా వెళ్ళిపోయింది. అంత జరిగాక కూడా రాయమంటుంటే, ఆ పెద్దమనసును చూసి దుబాసికి మళ్ళీ మండింది.

అమ్మ పదకొండు రోజులు మాట్లాడలేదు. ఫోను చేస్తే అదే ఇంట్లో ఉండే పిన్ని ఎత్తి, “పడుకుంది” అనేది. మిట్టమధ్యాహ్నం కూడా అదే జవాబు. దుబాసి ఆసుపత్రి నుంచి వచ్చి నోటు పుస్తకాలు తీసేది, ఈసారి చింపకుండా రాసేది. వెనకగుమ్మం దగ్గర ఎప్పుడూ చేయి ఆగిపోయేది. అమ్మమ్మ అంతవరకే చెప్పింది. వెళ్ళాను అంది, అంతే. ఎందుకని అడగడానికి, అప్పటికి పన్నెండేళ్ళ పిల్లయిన తనకి తోచలేదు.

పన్నెండో రోజున అమ్మే వచ్చింది. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

“ఆవేళ నేనూ ఉన్నాను” అంది.

దుబాసి స్టవ్ కట్టేసింది.

“నాకు ఏడేళ్ళు. పనిలోకి రానివాళ్ళు గది ఖాళీ చెయ్యాలన్నారు, గది ఫ్యాక్టరీవాళ్ళది. నన్ను ఒంటరిగా వదలలేక వెంటబెట్టుకెళ్ళింది. గుమ్మం దగ్గర శాలువా మొహం మీదికి లాక్కుంది. ఎందుకమ్మా అంటే దుమ్ము అంది. దుమ్మేం లేదు, అంతకుముందే వాన కురిసింది.”

“ఎవరైనా చూశారా?”

“మా పక్క గదావిడ చూసింది. తిట్టలేదు, తల తిప్పుకుంది. తర్వాత ఇరవై ఏళ్ళు మా అమ్మతో మాట్లాడలేదు. ఆవిడకీ పిల్లలున్నారు. గది పోయింది ఆవిడకే.” అమ్మ అప్పుడు చెప్పులు విప్పి పక్కన పెట్టింది. “రాస్తే ఆవిణ్ణి కూడా రాయి. ఇంకా చాలా ఉంది. కానీ రెండుసార్లు చెప్పలేను. దాన్ని కూడా పిలు.”

“దాన్నెందుకు?”

“అది కూడా మా అమ్మ మనవరాలే కనక.”

పిలిచింది. ఫోనులో రెండు ముక్కలే మాట్లాడింది. పిచ్చుక గంటలో వచ్చింది, తడి గొడుగు గుమ్మం పక్కన పెట్టి అమ్మకెదురుగా కింద కూర్చుంది. ఎవరూ సభ ఊసెత్తలేదు. అమ్మ గొంతు సవరించుకుని, పిచ్చుకవైపు తిరిగి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

దుబాసి కలం మూత తీసి, తన కుర్చీని అమ్మ దగ్గరికి ఒక జానెడు జరుపుకుంది.